బంతి కనబడని ఆట

మా ఇంట్లో కంప్యూటరు ఉందంటే క్లాసులో చాలామంది నమ్మలేదు. ఉంది, కానీ కొత్తది కాదు. ఏదో ఆఫీసులో కొన్నేళ్లు వాడి తీసేసినది. నాయన 8,000 రూపాయలు పెట్టి కొన్నాడు. అక్క సెకండ్ పీయూసీ చదువుతోంది, సీఈటీ పాఠాలు చూసుకోవాలని దాని కోసం కొన్నది. నాకు రోజూ రాత్రి ఒక గంట మాత్రమే. అదీ అక్క చదువు అయిపోయి కుర్చీలోంచి లేస్తేనే.

ఆ గంటలో నేను ఆడేది ఒక క్రికెట్ గేము. పోయిన ఉగాదికి మా మామ ఇచ్చిన డబ్బులతో, ఆఫర్ పడినప్పుడు కొనుక్కున్నాను. మామ డబ్బులతో కొన్న ఆటలోనే మామ కొడుకుని ఏడిపించాను. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మా తెలుగు టీచరుతో చెప్తే, "రాయి, కానీ జరిగింది జరిగినట్టు రాయి" అన్నారు.

మాది మదనపల్లె దగ్గర పల్లె. నాయన బేల్దారి పని కోసం నేను పుట్టకముందే బెంగళూరు వచ్చేసినారు. ఇప్పుడు కె.ఆర్.పురం వైపు ఉంటాము. దసరా సెలవులకు అవ్వతో పాటు మా మామ కొడుకు వచ్చినాడు. నాకంటే ఒక సంవత్సరం చిన్న. నన్ను "బావా" అంటాడు, నేను వాణ్ని చిన్నోడా అంటాను. వాడు పల్లెలో టెన్నిస్ బంతితో ఎడమచేత్తో కొడితే బంతి చింతచెట్టు దాటి పోతుంది. వాళ్ల జట్టులో వాడే ఓపెనింగ్.

అలాంటివాడు మా కంప్యూటరు ముందు కూర్చుంటే ఒక్క బంతి కూడా తగల్లేదు. మొదటి రోజు మూడు మ్యాచ్‌లు, మూడింట్లో వాడే ఓడినాడు. రెండో రోజు ఇంకో నాలుగు. మూడుసార్లు సున్నాకే అవుటు. బటన్ నొక్కుతాడు, బ్యాటు లేస్తుంది, అప్పటికే వికెట్లు పడిపోయి ఉంటాయి. పక్కింటి పిల్లలు కూడా చూస్తున్నారు. నేను గొప్పగా, "నీ చేతులు స్లో రా చిన్నోడా, పల్లెలో ఎద్దులబండి తోలేవాడికి ఇదేం వస్తుంది?" అన్నాను. అందరూ నవ్వినారు. వాడు కూడా నవ్వినాడు. మూడో రోజు పిలిస్తే రాలేదు. అవ్వ పక్కన గడప మీద కూర్చొని రోడ్డు చూస్తూ ఉన్నాడు. ఇంకా రెండు రోజులు ఉండాల్సినవాడు మామతో ఫోన్లో మాట్లాడి ముందే ఊరికి పోయినాడు.

నిజం చెప్పాలంటే మా కంప్యూటర్లో ఆట సరిగ్గా ఆడదని నాకు తెలుసు. నెట్స్‌లో ప్రాక్టీసు చేస్తే బాగుంటుంది. స్టేడియంలో జనం మధ్య మ్యాచ్ పెడితే బొమ్మ ఆగి ఆగి గెంతుతుంది. రోజూ ఆడి ఆడి నాకు అలవాటైపోయింది. బౌలర్ చేయి పైకి లేవగానే, బంతి ఇంకా సగం దారిలో ఉండగానే బటన్ నొక్కేసేవాణ్ని. ఈ కిటుకు వాడికి చెప్పలేదు.

దసరా అయినాక నాకు గ్రాఫిక్స్ కార్డు పిచ్చి పట్టింది. ఒక వీడియోలో చూసి, "నాయనా, 5,500 పెడితే పాత కార్డు దొరుకుతుందంట, అక్క వీడియోలు కూడా బాగా కనబడతాయి" అన్నాను. అక్క వీడియోలు అప్పటికే బాగానే కనబడుతున్నాయి. కార్డు నాకోసమే. నాయన వారం రోజులు ఏమీ అనలేదు. ఒక శనివారం సగం పూట పని మానుకొని, "పద" అన్నాడు.

కార్పొరేషన్ దగ్గర బస్సు దిగి ఎస్పీ రోడ్డుకు నడిచినాము. దాని పూర్తి పేరు సదర్ పట్రప్ప రోడ్డు. కంప్యూటరు సామాను కావాలంటే బెంగళూరులో అందరూ ముందు అక్కడికే పోతారు. సందు సందుకీ అంగళ్లు, అంగడి నిండా వైర్లు, బోర్డులు, పాత మానిటర్లు. మేము పోయిన అంగట్లో పని చేసే అన్నది ముళబాగిలు వైపు ఊరు. నాయనా నేనూ మాట్లాడుకుంటుంటే విని తెలుగులో పలకరించినాడు. కోలారు జిల్లాలో తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి కదా.

నేను కార్డు పేరు చెప్పాను. ఆ అన్న మా కంప్యూటరు ఫోటో చూసి తల అడ్డంగా ఊపినాడు. "ఇది సన్న క్యాబినెట్టు తమ్ముడూ. ఇందులో పెద్ద కార్డు పట్టదు. పట్టినా దీని పవర్ సప్లై మోయలేదు. ఎందుకు కావాలి నీకు?" అని అడిగినాడు.

నేను నోరు తెరవకముందే నాయన, "పాప పాఠాలు వీడియోలు చూస్తుంది" అన్నాడు.

"వీడియోలకు కార్డు అక్కర్లేదు సార్. ఉన్నదే చాలు."

నాయన నా వైపు చూసినాడు. నేను కిందికి చూసినాను. అంగట్లో నలుగురి ముందు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "అయితే వీడి ఆటకు ఏం చేయాలో చెప్పు నాయనా" అని ఆ అన్ననే అడిగినాడు. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది.

ఆ అన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఎఫ్‌పీఎస్ ఎంత వస్తోంది?" నాకు తెలియదు. "కొలవకుండా కార్డు కొనడానికి వచ్చినావా?" అని నవ్వి తన కంప్యూటర్లో చూపించినాడు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. దాంతో పాటు వచ్చే రివాట్యూనర్ తెర మూలన ఒక అంకె చూపిస్తుంది. ఒక సెకనులో కంప్యూటరు ఎన్ని బొమ్మలు గీసిందో ఆ అంకె చెప్తుంది. అదే ఎఫ్‌పీఎస్. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. మన దేశంలో టీవీ క్రికెట్ సెకనుకు 50 సార్లు కొత్త చిత్రం చూపించే పద్ధతిలో వస్తుంది. మామూలు కంప్యూటరు తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు మాత్రమే టైము. ఆలోపు బొమ్మ గీయలేకపోతే తెర పాత బొమ్మనే మళ్లీ చూపిస్తుంది. మనకు ఆగినట్టు కనబడేది అదే.

ఇంకో మాట కూడా చెప్పినాడు. మా కంప్యూటర్లో గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. మాది 4 జీబీ ర్యామ్, ఒకే ముక్క. "ట్యాంకర్ నిండా నీళ్లున్నా పైపు ఒకటే ఉంటే బిందె మెల్లగానే నిండుతుంది. అలాంటిదే ఇంకో ముక్క పక్కన పెడితే రెండు పైపులైనట్టు" అన్నాడు. పాత ర్యామ్ ముక్క 500 రూపాయలు. నాయన ఇచ్చినాడు.

బస్సులో వచ్చేటప్పుడు నాయన ఒకే మాట అన్నాడు. "రసమట్టం పెట్టకుండా గోడ వంకర అనకూడదురా." రసమట్టం అంటే గోడ మట్టం చూసే కడ్డీ, మధ్యలో గాలిబుడగ ఉంటుంది. నాయన కార్డు గురించి అన్నాడో, నేను చెప్పిన అబద్ధం గురించి అన్నాడో తెలీదు. నాకు మాత్రం చిన్నోడు గుర్తొచ్చినాడు. వాడి చేతులు స్లో అని నేను ఏం కొలిచి చెప్పాను?

ఆ రాత్రే అంకె పెట్టి చూశాను. నెట్స్‌లో 45. స్టేడియంలో 22. బౌలర్ పరుగెత్తి వచ్చేటప్పుడు, వెనక జనం మొత్తం తెరమీద ఉంటారు కదా, అప్పుడు 14కి పడిపోయింది. లెక్కల్లో సగటు చదువుకున్నాము. సగటు 22 అని ఊరుకుంటే ఆ 14 కనబడదు. కానీ బంతి వచ్చేది ఆ 14 దగ్గరే.

మన 9వ తరగతి సైన్సులో చలనం పాఠం ఉంది. దూరం, కాలం, వడి. ఆ లెక్క ఇక్కడ వేశాను. గంటకు 140 కిలోమీటర్ల బంతి అంటే సెకనుకు దాదాపు 39 మీటర్లు. పిచ్ 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. బంతి దాటడానికి దాదాపు అర సెకను. సెకనుకు 20 బొమ్మలైతే ఆ అర సెకనులో 10 బొమ్మలే. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య బంతి దాదాపు 2 మీటర్లు దూకేస్తుంది. సెకనుకు 60 బొమ్మలైతే 30 బొమ్మలు. దూకుడు 65 సెంటీమీటర్లే. పైగా మనం బటన్ నొక్కినా తర్వాతి బొమ్మ దాకా బ్యాటు కదలదు. ఈ లెక్క అయ్యేసరికి నాకు నిద్ర పట్టలేదు. చిన్నోడికి బంతి తగలకపోవడం కాదు, వాడికి బంతి కనబడనేలేదు.

మరుసటి రోజు నుంచి సెట్టింగులు ఒక్కొక్కటిగా మార్చాను. సెట్టింగుల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. మనది తెలుగు మీడియం. మొదట్లో ఆ మాటలు చూసి భయపడి అన్నీ 'హై'లో పెట్టేసి ఉంచాను. ఈసారి నోటుబుక్కులో ఒక్కోదానికి నా సొంత తెలుగు పేరు రాసుకున్నాను. ఒకసారికి ఒకటే మార్చడం, అదే స్టేడియం, అదే బౌలర్, ఒక ఓవర్ చూడటం, అంకె రాయడం. రెండు కలిపి మారిస్తే దేనివల్ల లాభమో తెలియదు.

షాడోస్, నీడలు. ప్రతి నీడకూ కంప్యూటరు వెలుతురు వైపు నుంచి కూడా మైదానాన్ని ఇంకోసారి లెక్క వేసుకోవాలి. తీసేస్తే 22 నుంచి 27కు వచ్చింది. ఆటగాళ్లు గాల్లో తేలుతున్నట్టు ఉంటే, పూర్తిగా తీయకుండా 'లో'లో పెట్టాను, 26.

క్రౌడ్, జనం. తగ్గిస్తే 31. స్టాండ్స్ బోసిపోయినట్టు అయినాయి. కానీ బంతి చూసేవాడు జనాన్ని చూడడు.

యాంటీ అలియాసింగ్. దీనికి నేను 'అంచుల నునుపు' అని రాసుకున్నాను. ఏటవాలు గీతలు మెట్లు మెట్లుగా కనబడకుండా అంచుల్ని నున్నగా చేస్తుంది. తీసేస్తే 35.

మోషన్ బ్లర్, 'కదలిక మసక'. ఇది తీస్తే అంకె ఏమీ పెరగలేదు. కానీ తేడా మొత్తం ఇక్కడే కనబడింది. కదిలే వస్తువు వెనక తోకలాగా మసక పూసి, బొమ్మలు తక్కువున్నా నున్నగా ఉన్నట్టు భ్రమ కలిగించడం దీని పని. సెకనుకు 20 బొమ్మలున్నప్పుడు ఆ మసకలో బంతే కరిగిపోతుంది. తీసేయగానే బంతి గుండ్రంగా కనబడింది. అంకె ఒక్కటే చూస్తే చాలదు, కన్ను కూడా పెట్టాలని అప్పుడు తెలిసింది.

టెక్స్‌చర్స్, అంటే చొక్కా మీది గుడ్డ, పిచ్ మీది గడ్డి. తగ్గించినా పెద్దగా మారలేదు. మళ్లీ పెంచేశాను.

ఆదివారం నాయన ప్లగ్ పీకేసి, మూత తీసి, రంగులు వేసే సన్న బ్రష్‌తో ఫ్యాన్ మీది దుమ్మంతా దులిపినాడు. ఎన్నేళ్ల దుమ్మో! వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుందట. ఆ తర్వాత ర్యామ్ రెండో ముక్క పెట్టాము. 35 కాస్తా 45 అయింది. 500 రూపాయలకు ఇంత లాభం నేను అనుకోలేదు.

చివరిది రెజల్యూషన్. మా మానిటర్‌ది 1600 బై 900, అంటే 14,40,000 చుక్కలు. 1280 బై 720 పెడితే 9,21,600 చుక్కలే. మూడో వంతు కంటే ఎక్కువ పని తగ్గుతుంది. అంకె 60 దాటింది. కానీ తెరకున్న సొంత చుక్కలకు సరిపోదు కాబట్టి బొమ్మ కొంచెం మసక, స్కోరు బోర్డు అక్షరాలు ఉబ్బినట్టు ఉన్నాయి. అక్క చూసి, "ఇంత కష్టపడి చెడగొట్టినావా?" అంది. ఆట ఆపి చూస్తే అక్క మాటే నిజం. ఆట నడుస్తుండగా చూస్తే వేరే. బంతి చేతిలోంచి వదిలినప్పటి నుంచి పిచ్ మీద పడి లేచేదాకా దాని దారి మొత్తం కనబడింది. ఆగిన బొమ్మలో అందం వేరు, కదిలే బొమ్మలో స్పష్టత వేరు. ఇన్నాళ్లూ నేను ఆగిన బొమ్మ చూసే సెట్టింగులు పెట్టుకున్నాను.

ఒకటి మిగిలింది, వీ సింక్. దీనికి 'తెరతో తాళం' అని పేరు పెట్టాను, పాటకు తాళం కలిపినట్టు. ఇది లేకపోతే తెర ఒక బొమ్మ సగం చూపించేలోపు ఇంకో బొమ్మ వచ్చేస్తుంది. బ్యాటు పైముక్క ఒకచోట, కిందిముక్క ఇంకోచోట, కత్తిరించినట్టు. ఇది పెడితే ఆ కోత పోతుంది. కానీ 45 దగ్గర పెడితే ఆట ఒకసారి 60కి, ఒకసారి 30కి గెంతి ఇంకా ఘోరంగా అయింది. 60 నిలకడగా వచ్చినాక పెడితేనే బాగుంది. బటన్ నొక్కినది రవ్వంత ఆలస్యమవుతుందంటారు, కొందరు అందుకే తీసేస్తారు. నాకు కోత కంటే అదే నయమనిపించింది.

మిత్రులారా, మీ ఇంట్లో కూడా పాత కంప్యూటరు ఉంటే ముందు కొలవండి. ఒక్కొక్కటే మార్చండి. మోషన్ బ్లర్, నీడలు, జనం ముందు తగ్గించండి. ఆ తర్వాత రెజల్యూషన్. ఎక్కువ అంకె కంటే నిలకడగా ఉండే అంకె మంచిది. డబ్బు పెట్టడం అన్నింటికంటే చివర. అమ్మానాన్నలకు అబద్ధం చెప్పి మాత్రం వద్దు.

ఆట బాగైపోయింది. కానీ చిన్నోడు ఫోన్లో నాతో మాట్లాడటం లేదు. అమ్మ ఫోన్ ఇస్తే "బాగున్నా బావా" అని మామకు ఇచ్చేసేవాడు. "వాడికి చేతులు స్లో అంట, అందుకే క్రికెట్ మానేస్తా అంటున్నాడు" అని అత్త నవ్వుతూ చెప్పిందట. అమ్మ కూడా నవ్వుతూనే నాకు చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

సంక్రాంతికి ఊరికి పోయినాము. కంప్యూటరు తీసుకుపోలేను కదా. నోటుబుక్కు తీసుకుపోయినాను. పండగ మరునాడు చిన్నోణ్ని కళ్లం దగ్గరికి పిలిచాను. రానన్నాడు. అవ్వ చెప్తే వచ్చినాడు. 22 గజాలు కొలిచి రెండు వైపులా కట్టెలు పాతినాను. ఒక వరసలో రెండేసి మీటర్లకు ఒక రాయి పెట్టాను. పది రాళ్లు. దాని పక్కన ఇంకో వరస, మూడు మూరలకు రెండు లెక్కన కాదురా అని వాడే స్కేలు తెచ్చి సరిచేసి, 65 సెంటీమీటర్లకు ఒకటి పెట్టినాడు. ముప్పై రాళ్లు.

"దసరాకు మా కంప్యూటర్లో నీకు కనబడిన బంతి ఈ పది రాళ్లు. ఇప్పుడు కనబడేది ఆ ముప్పై" అన్నాను.

వాడు బ్యాట్స్‌మన్ నిలబడే చోట నిలబడి రెండు వరసలూ చాలాసేపు చూసినాడు. "మరి నీకు కూడా అవే పది రాళ్లే కదా బావా, నువ్వెట్లా కొట్టినావు?"

ఈ ప్రశ్న అడుగుతాడని నాకు తెలుసు. "నేను నాలుగో రాయి దగ్గరే నొక్కేసేవాణ్ని. రోజూ ఆడతాను కాబట్టి తెలుసు. నీకు చెప్పలేదు. తప్పు మిషనుది, తర్వాత నాది. నీ చేతులది కాదు" అన్నాను.

వాడు ఏమీ అనలేదు. ఒక రాయి తీసి చెరువు వైపు విసిరినాడు. తర్వాత ఇంటికి పోయి బ్యాటు తెచ్చి, "నువ్వు వెయ్యి" అన్నాడు. నేను వేసిన నాలుగో బంతి చింతచెట్టు దాటి పోయింది. వెతకడానికి ఇద్దరమూ పోయినాము. నా బ్యాటింగ్ వచ్చినప్పుడు వాడి రెండో బంతికే కట్టె లేచిపోయింది. అక్కడ ఒక సెకనుకు ఎన్ని బొమ్మలైనా నాకు సరిపోవని తెలిసింది.

వేసవి సెలవులకు వస్తానన్నాడు. సెట్టింగులు అట్లే పెట్టి ఉంచాను. ఈసారి మొదటి బ్యాటింగ్ వాడిదే.